పద్ధతి తప్పిన పాటలు

మ్యూజిక్ వీడియోలు ఎడిట్ చేయడం నా పని. ఈ శీర్షికకు మామూలుగా వచ్చే ప్రశ్నలు 'ఆ షాట్ ఎలా తీశారు' అన్న తరహాలో ఉంటాయి. ఈసారి మాత్రం 'ఎప్పుడూ ఇలాగే ఎందుకు తీస్తారు, ఇంకోలా తీస్తే కొంపలు మునుగుతాయా' అని అడిగినవాళ్లే ఎక్కువ. ఆల్బమ్ ప్రచారం గురించి వచ్చినవీ వీటితోనే కలిపేశాను. రెండింటి వెనకా ఉన్న లెక్క ఒకటే.

ప్రశ్న: అక్కా, మాకు కాలేజీలో 'మ్యూజిక్ వీడియోల్లో జానర్ (సంగీత రకం) లక్షణాలు' అని ప్రాజెక్టు ఇచ్చారు. రాక్ అంటే ఖాళీ గోడౌన్‌లో బ్యాండు వాయించడం, పాప్ అంటే డాన్సు, ర్యాప్ అంటే వీధిలో గుంపు. ఈ రూల్స్ ఎవరు పెట్టారు? *(మాస్ కమ్యూనికేషన్ విద్యార్థిని)*

ఎవరూ కూర్చుని రాయలేదమ్మా. అవసరం కొంత, డబ్బు కొంత, భయం కొంత కలిసి ఇలా తయారయ్యాయి.

ముందు అవసరం సంగతి. 1975లో క్వీన్ బృందం 'బొహీమియన్ రాప్సొడీ'కి బ్రూస్ గవర్స్ చేత ఒక చిన్న ఫిల్మ్ తీయించుకుంది. ఆ పాట మధ్యలో గొంతు మీద గొంతు పేర్చి రికార్డు చేసిన భాగం ఉంటుంది. టీవీ స్టూడియోలో నలుగురూ నిలబడి దానికి పెదాలు కదిపితే నవ్వులపాలవుతారు. పైగా వాళ్లు టూర్‌లో ఉన్నారు. తమ బదులు ఫిల్మును పంపించారు. ఆరేళ్లకు, 1981 ఆగస్టు 1న, రోజంతా వీడియోలే వేసే ఎంటీవీ మొదలైంది. రికార్డు కంపెనీలు వీడియోలు తీసి ఇవ్వడం, చానల్ వాటిని వేయడం. కంపెనీ దృష్టిలో అది రికార్డుకు ప్రకటన. ప్రకటనలో సరుకు కనబడాలి కదా, అందుకే గాయకుడి క్లోజప్ తప్పనిసరి అయింది. ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే మొదటి ఫిర్యాదు 'ముఖం సరిపోలేదు' అనే.

తర్వాత డబ్బు. సెట్‌లో పాట ప్లేబ్యాక్ పెట్టి బ్యాండు చేత మొత్తం పాటను దూరం నుంచి (వైడ్) ఒకసారి, మధ్య దూరం నుంచి (మిడ్) ఒకసారి, చేతుల మీద, ముఖాల మీద విడివిడిగా వాయింపజేస్తే, పాటలో ఏ క్షణానికైనా నా దగ్గర ఒక షాట్ ఉంటుంది. కథ షాట్ల సంగతి అలా కాదు. వాన పడి ఒక్క సీను పోయిందంటే చరణం మధ్యలో గుంట పడినట్టే. అప్పుడు ఏ ఎడిటరైనా గిటార్ తీగల మీదికి కట్ చేసి గండం గడిపేస్తాడు. రాక్ వీడియోల్లో మీరు చూసే గిటార్ క్లోజప్పుల్లో చాలా భాగం ఇలా పుట్టినవే.

మూడోది భయం. దీనిమీదే మీ ప్రాజెక్టు నిలబెట్టుకోవచ్చు. రాక్ వినేవాడికి ఒక అనుమానం ఉంటుంది: వీళ్లకు నిజంగా వాయించడం వచ్చా? అందుకని వాయిస్తూ చూపిస్తారు. పాప్‌లో ఆ అనుమానం లేదు. అక్కడ రుజువు ఒంట్లో ఉండాలి, కనుక డాన్సు. ర్యాప్ వినేవాడు 'నువ్వెక్కడివాడివి, నీ వెనక ఎవరున్నారు' అంటాడు. దానికి జవాబు ఆ వీధి, ఆ గుంపు. అమెరికన్ కంట్రీ (పల్లె తరహా) పాటలో మాటలే కథ చెబుతాయి కాబట్టి బొమ్మ కూడా కథ చెప్పాలి. ఎలక్ట్రానిక్ సంగీతంలో చూపించడానికి యంత్రం తప్ప మనిషి లేడు. అందుకే రోబోలు, యానిమేషన్, ఎవరో తెలియని డాన్సర్లు. ఏ శ్రోత దేన్ని చూస్తే నమ్ముతాడో, ఆ వీడియో దాన్నే చూపిస్తుంది.

పుస్తకాల మాట కావాలంటే ఆండ్రూ గుడ్విన్‌ను చదవండి. మాటకూ బొమ్మకూ మూడు రకాల సంబంధం ఉంటుందని 1992లో రాశాడు: బొమ్మ మాటను ఉన్నదున్నట్టు చూపించవచ్చు, దానికి ఇంకో అర్థం జోడించవచ్చు, లేదా దానితో పొసగకుండా ఉండవచ్చు. పరీక్షల్లో మార్కులు పడతాయి. నాకు మాత్రం ఎడిటింగ్ గదిలో ఆ లెక్క ఎప్పుడూ అక్కరకు రాలేదు.

ఉదాహరణకు నిర్వాణ బృందం 1991 నాటి 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' తీసుకోండి. దర్శకుడు శామ్యూల్ బేయర్. స్కూలు వ్యాయామశాల, బ్యాండు వాయిస్తోంది, పిల్లలు కూర్చుని వింటున్నారు, చీర్‌లీడర్లు గంతులేస్తున్నారు. అంతా పాత సామానే. కాకపోతే చీర్‌లీడర్ల దుస్తుల మీద అరాచకవాదుల గుర్తు, గదంతా మురికి పసుపు వెలుతురు, చివరికి కూర్చున్న పిల్లలంతా లేచి నేల మీద పడి విధ్వంసం. బేయర్ కట్ చేసింది కర్ట్ కొబేన్‌కు నచ్చలేదు. తనే కూర్చుని మార్పించాడు. అప్పుడు చేర్చిన వాటిలో చివర్లో వచ్చే అతని ముఖం క్లోజప్ ఒకటి. పాట సాగినంతసేపూ జుట్టు వెనక, పొగ వెనక దాచిన ముఖాన్ని అక్కడ ఒక్కసారి చూపించాడు. కంపెనీలు మొదటి పది సెకన్లలో అడిగే క్లోజప్‌ను నాలుగున్నర నిమిషాలు ఆపి ఇచ్చాడన్నమాట. నన్నడిగితే ఆ వీడియోలో అసలు తిరుగుబాటు గుర్తుల్లో కన్నా ఆ ఆలస్యంలోనే ఉంది.

ఏదైనా వీడియోను శబ్దం తీసేసి చూడండి. అయినా అది ఏ జానరో తెలిసిపోతే, ఏ సెకనులో తెలిసిందో రాసుకోండి. ప్రాజెక్టు సగం అయిపోయినట్టే.

ప్రశ్న: మాది మెటల్ బ్యాండు, నేను డ్రమ్స్ వాయిస్తాను. వీడియోలో మేం అసలు కనిపించకూడదని, మొత్తం కథే నడవాలని మా దర్శకుడు అంటున్నాడు. మా గిటారిస్టు 'అమ్ముడుపోయాం అంటారు' అని భయపడుతున్నాడు. ఎవరి మాట వినాలి? *(ఒక డ్రమ్మర్)*

మీ గిటారిస్టు భయంలో అర్థం ఉంది. మీ జానర్‌లో వీడియో తీయడమే ద్రోహం అన్న రోజులున్నాయి. మెటాలికా మొదటి ఆల్బమ్ 1983లో వచ్చింది. వీడియో లేకుండానే పెద్ద బృందమై, నాలుగో ఆల్బమ్‌లోని 'వన్' పాటకు 1989లో గానీ తొలి వీడియో తీయలేదు. వీడియో వచ్చాక కొందరు అభిమానులు ఆ మాటే అన్నారు కూడా.

కానీ ఏం తీశారో చూడండి. నలుపు తెలుపు. గోడౌన్. నలుగురూ తల వంచుకుని వాయించడం తప్ప కెమెరా వైపు చూసి వేషాలు వేయడం లేదు. మధ్యమధ్యలో డాల్టన్ ట్రంబో 1971లో తీసిన యుద్ధ వ్యతిరేక సినిమా ముక్కలు: చేతులు, కాళ్లు, చూపు, వినికిడి, మాట అన్నీ పోయి మంచానికి అతుక్కుపోయిన సైనికుడు. పాట పుట్టిందే ఆ కథలోంచి. సినిమా డైలాగులు పాట మీదికి ఎక్కి వినిపిస్తాయి. పాటను మాటలతో కప్పేయడం ఆ రోజుల్లో అరుదు. సినిమా ముక్కలు లేకుండా ఉత్త వాయింపుతో ఇంకో వెర్షన్ కూడా విడుదల చేశారు. నమ్మకం లేనివాళ్లకు అది, ధైర్యం ఉన్నవాళ్లకు ఇది.

మీకు నేను చెప్పేదీ అదే. ఒక్కటి విరగ్గొట్టండి, మిగతావి ముట్టుకోకండి. మీరు కనబడకపోవచ్చు, కానీ అప్పుడు రంగు, బరువు, కట్ వేగం మెటల్‌వే అయి ఉండాలి. కథ పెట్టి, రంగులు పెట్టి, మీరు మాయమై, పైగా నవ్వించే ప్రయత్నం కూడా చేస్తే వినేవాడు పట్టుకోవడానికి కొమ్మ దొరకదు. అది తిరుగుబాటుగా కనబడదు, వేరేవాళ్ల వీడియోకు మీ పాట తగిలించినట్టు ఉంటుంది.

అన్నీ విరగ్గొట్టినా నిలిచినది నాకు తెలిసి ఒకటి ఉంది. 1985లో ది రిప్లేస్‌మెంట్స్ బృందానికి కంపెనీ వీడియో కావాలని పట్టుబట్టింది. వాళ్లకు ఇష్టం లేదు. 'బాస్టర్డ్స్ ఆఫ్ యంగ్' పాటకు నలుపు తెలుపులో ఒక స్పీకర్ పెట్టెను చూపించారు. అంతే. పాట మొదలైనప్పటి నుంచి అదే స్పీకర్. ఎవరో వచ్చి సిగరెట్ తాగుతూ కూర్చుంటాడు, ముఖం కనబడదు. పాట చివర్లో లేచి స్పీకర్‌ను తన్ని పోతాడు. చానల్ నిండా రంగురంగుల వీడియోలు తిరుగుతున్న కాలంలో వచ్చింది కాబట్టే అది అంత గట్టిగా తగిలింది. ఈ రోజు అదే తీస్తే బడ్జెట్ లేదనుకుంటారు.

పర్ల్ జామ్ దారి కూడా ఆలోచించండి. 'జెరెమీ' వీడియోతో నాలుగు ఎంటీవీ అవార్డులు గెలిచి, ఆ తర్వాత వీడియోలే వద్దని మానేశారు. 1998లో 'డు ది ఎవల్యూషన్'తో తిరిగొచ్చినప్పుడు అది పూర్తిగా యానిమేషన్. బ్యాండు ఒక్క ఫ్రేములోనూ లేదు. ఎవరూ అమ్ముడుపోయారనలేదు. ముఖం చూపించుకోవడానికి వచ్చారన్న అనుమానానికే తావు లేదు మరి. మీ దర్శకుడి చేతికి ఈ ఉదాహరణ ఇవ్వండి, గిటారిస్టు చేతికి మెటాలికాది ఇవ్వండి. ఇద్దరూ కాసేపు తిట్టుకున్నాక ఏదో ఒకటి తేలుతుంది.

ప్రశ్న: ఇంకో జానర్‌ను వెక్కిరిస్తూ వీడియో తీస్తే పేరు వస్తుందా, తిట్లు వస్తాయా? *(రాసినవారు పేరు వద్దన్నారు)*

రెండూ వస్తాయి. పేరు కావాలంటే ముందు ఆ జానర్‌ను వాళ్లకన్నా బాగా తీయగలగాలి. బ్లింక్-182 పంక్ బ్యాండు. 'ఆల్ ది స్మాల్ థింగ్స్' వీడియోలో అప్పట్లో ఊపేస్తున్న బాయ్ బ్యాండ్లను (పాడుతూ డాన్సు చేసే కుర్రాళ్ల బృందాలను) ఎగతాళి చేశారు: సముద్రపు ఒడ్డు, తెల్ల దుస్తులు, విమానాల ముందు డాన్సు. అందులో తెలివంతా కెమెరా పనిలో ఉంది. ఆ వెలుతురు, ఆ స్లో మోషన్, ఆ గాలికి ఎగిరే బట్టలు అచ్చం అసలు వాటిలాగే ఉంటాయి. నవ్వు వచ్చేది ఆ ఫ్రేములోకి ఈ ముగ్గురు వచ్చినందుకే. తమాషా ఏమిటంటే, ఏ పాటల్ని వెక్కిరించారో వాటి పక్కనే అదే కార్యక్రమాల్లో, అదే అభిమానుల కోసం ఇదీ తిరిగింది. 2000లో ఎంటీవీ వాళ్ల ఉత్తమ బృంద వీడియో అవార్డూ దీనికే వచ్చింది.

బీస్టీ బాయ్స్ 'సబోటేజ్' కూడా అంతే. దర్శకుడు స్పైక్ జోన్జ్ 1970ల పోలీసు సీరియళ్ల జూమ్‌లు, మీసాలు, విగ్గులు, టైటిల్ కార్డులు ఏవీ వదలకుండా తీశాడు. వెక్కిరింపులో ప్రేమ ఉంది కాబట్టే ఇప్పటికీ చూడబుద్ధవుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది కంట్రీ గాయని షానియా ట్వేన్ చేసింది. 1986లో రాబర్ట్ పామర్ వీడియో ఒకటి వచ్చింది: ముందు సూటు వేసుకున్న గాయకుడు, వెనక ఒకేలా అలంకరించిన మోడల్ అమ్మాయిలు, ముఖంలో భావం లేకుండా వాయిద్యాలు పట్టుకుని ఊగుతుంటారు. 1999లో 'మ్యాన్! ఐ ఫీల్ లైక్ ఎ ఉమన్!'లో షానియా ముందు నిలబడి, వెనక అదే వరసలో అదే మొద్దు ముఖాలతో మగవాళ్లను పెట్టింది. మారింది ఒక్కటే. దాని గురించి ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

ప్రశ్న: నేను ర్యాప్ రాస్తాను. కార్లు, గొలుసులు లేకుండా ర్యాప్ వీడియో తీస్తే ఎవరైనా చూస్తారా? రెండు జానర్లు కలిపిన పాట అయితే ఎవరి పద్ధతి పాటించాలి? *(ఒక ర్యాపర్)*

1997లో మిస్సీ ఎలియట్ తన తొలి ఆల్బమ్ పాట 'ది రెయిన్'లో చెత్త సంచిలా ఉబ్బిన నల్లటి సూటు వేసుకుని వచ్చింది. ఒంటి ఆకారమే తెలియదు. ర్యాప్ వీడియోలో ఆడమనిషి ఎలా కనబడాలని అందరూ అనుకుంటారో దానికి పూర్తిగా ఎదురు. దర్శకుడు హైప్ విలియమ్స్ అంచులను వంచి చూపించే ఫిష్‌ఐ లెన్సుతో ఆ ఉబ్బును ఇంకా ఉబ్బించాడు. అయితే మిగతావి గమనించండి. కెమెరా కళ్లలోకి చూస్తూ పాడటం ఉంది, గొప్పలు ఉన్నాయి, తన రంగంలోని స్నేహితులు వచ్చి కనబడటం ఉంది. మార్చింది ఒంటి రూపాన్ని. ఆ తర్వాత కొన్నేళ్లు ఎటు చూసినా ఫిష్‌ఐ లెన్సే. పద్ధతి తప్పినదే పద్ధతి అయి కూర్చుంది. ఎడిటర్లకు అదో శిక్ష, అంచులు వంగిన షాటును మామూలు షాటుతో కలపడం ఎంత చిరాకో చేసినవాళ్లకే తెలుసు.

రెండు జానర్ల ప్రశ్నకు పాత జవాబు, కొత్త జవాబు రెండూ ఉన్నాయి. పాతది 1986 నాటి 'వాక్ దిస్ వే'. పక్కపక్క గదుల్లో ర్యాప్ బృందం రన్-డీఎంసీ, రాక్ బృందం ఏరోస్మిత్. మధ్యలో గోడ. ఒకరి గోల ఒకరికి పడదు. ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్ మైక్ స్టాండుతో గోడ పగలగొట్టి తల దూరుస్తాడు. చివరికి అంతా ఒకే స్టేజి మీద. రెండు పద్ధతుల్నీ కలిపి పులుసు చేయకుండా, దేని గది దానికి ఉంచి, వాటి మధ్య తగువునే కథ చేశారు.

కొత్తది 2019లో లిల్ నాస్ ఎక్స్ 'ఓల్డ్ టౌన్ రోడ్'. ఇది కంట్రీ పాట కాదంటూ బిల్‌బోర్డ్ పత్రిక తన కంట్రీ పాటల జాబితాలోంచి తీసేసింది. దానిమీద పెద్ద రచ్చ. ఆ పాట మొదట జనంలోకి వెళ్లింది గుర్రాలు, కౌబాయ్‌ల వీడియో గేమ్ దృశ్యాలకు తగిలించి పెట్టిన క్లిప్పుతో. తర్వాత కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్ రీమిక్స్‌లో చేరాడు. కాల్మాటిక్ తీసిన అసలు వీడియో 1889లో మొదలవుతుంది: గుర్రాలు, వెంటాడే తుపాకులు, దోచిన డబ్బు సంచి. హీరో ఒక సొరంగంలో దూకి నేటి కాలపు వీధిలో తేలతాడు. అక్కడ ర్యాప్ వీడియో మొదలవుతుంది. కౌబాయ్ దుస్తులు మాత్రం అవే. వాదనలో ఓడిపోయిన పాట బొమ్మలో రెండు జానర్లకూ హక్కు పత్రం రాసుకుంది. ప్రధాన చార్టులో వరసగా 19 వారాలు మొదటి స్థానం.

కార్లు, గొలుసుల సంగతి: అవి 'నేను పైకొచ్చాను' అని చెప్పే గుర్తులు. మీ పాటలో పైకి రావడం గురించి లేకపోతే అవి ఎలాగూ అక్కర్లేదు. ఉంటే మాత్రం వాటి బదులు ఇంకేదో కనబడాలి. ఖాళీ వదలకండి.

కంట్రీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మీరు అడగలేదు, అయినా చెబుతాను. 1991లో గార్త్ బ్రూక్స్ 'ది థండర్ రోల్స్' వీడియోను ఆ జానర్ చానళ్లే నిషేధించాయి. కారణం రూపం కాదు. కథ చెప్పడం అక్కడ మామూలే, దాన్ని అతను తు.చ. తప్పకుండా పాటించాడు. కథలో మొగుడు పెళ్లాన్ని కొడతాడు, చివరికి ఆమె తుపాకీ అందుకుంటుంది. ఆ మొగుడి వేషం విగ్గు, గడ్డం పెట్టుకుని బ్రూక్సే వేశాడు. అభిమానులు ఆరాధించే గాయకుడు దుర్మార్గుడిగా కనబడటం ఎవరికీ మింగుడు పడలేదు. అదే ఏడు కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ వీడియో అవార్డు దానికే ఇచ్చింది. చానళ్లు ఏమనుకున్నాయో మరి.

ప్రశ్న: మా మొదటి ఆల్బమ్ సిద్ధంగా ఉంది. టీజర్లు, పోస్టర్లు, కౌంట్‌డౌన్లు చూసి చూసి విసుగొచ్చింది. బియాన్సేలా చెప్పాపెట్టకుండా ఒక రాత్రి విడుదల చేసేద్దామనుకుంటున్నాం. మీ సలహా? *(ఒక ఇండిపెండెంట్ బృందం)*

వద్దు.

బియాన్సే 2013 డిసెంబరు 13న ఏం చేసిందో పూర్తిగా చూడండి. 14 పాటలు, వాటితో 17 వీడియోలు ఒకేసారి ఐట్యూన్స్‌లో పెట్టింది. ముందుగా విడిగా వదిలిన పాట (సింగిల్) లేదు, ఇంటర్వ్యూ లేదు. పాట విడిగా కొనుక్కునే వీలు కూడా ఇవ్వలేదు, కొంటే మొత్తం కొనాల్సిందే. మూడు రోజుల్లో ప్రపంచవ్యాప్తంగా 8 లక్షల 28 వేల పైచిలుకు అమ్ముడుపోయింది. జనం దీన్ని 'ప్రచారం లేని ప్రచారం' అంటారు. 17 వీడియోలు గుట్టుగా తీయడానికి ఎన్ని లొకేషన్లు, ఎంతమంది నోళ్లు కట్టేయాలో ఊహించండి. ప్రచారం బడ్జెట్ అంతా వీడియోల్లోకి వెళ్లింది, అంతే. పైగా ఆమె కొత్త ఆల్బమ్ ఎప్పుడొస్తుందా అని ఏడాదిగా లోకమంతా అడుగుతోంది. ఎదురుచూసేవాళ్లు ఉన్నచోట మౌనం కూడా వార్తే. మీ కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. కటువుగా ఉంటే ఏమనుకోకండి. మీరు మౌనంగా విడుదల చేస్తే మౌనంగానే ఉండిపోతుంది.

రేడియోహెడ్‌కూ ఇదే వర్తిస్తుంది. 2000లో 'కిడ్ ఎ'కు సింగిల్స్ లేవు, మామూలు వీడియోలు లేవు, 'బ్లిప్స్' అని కొన్ని సెకన్ల యానిమేషన్ ముక్కలు వదిలారు. ఆల్బమ్ అమెరికాలో నేరుగా మొదటి స్థానానికి వెళ్లింది. 2007లో 'ఇన్ రెయిన్‌బోస్' వస్తోందని పది రోజుల ముందు చెప్పి, అక్టోబరు 10న మీకు తోచినంత ఇచ్చి డౌన్‌లోడ్ చేసుకోమన్నారు. ముందు ఆల్బమ్‌లు సంపాదించిపెట్టిన నమ్మకాన్ని వాళ్లు ఖర్చు పెట్టుకున్నారు. మీ ఖాతాలో ఇంకా జమే లేదు.

నమ్మకం బోలెడంత ఉన్నా దెబ్బతినవచ్చు. 2014 సెప్టెంబరులో యూటూ ఆల్బమ్ సుమారు 50 కోట్ల ఐట్యూన్స్ ఖాతాల్లోకి ఉచితంగా, అడగకుండానే వచ్చి పడింది. థాంక్స్ చెప్పాల్సిన జనం తిట్టారు. వారం తిరక్కుండా యాపిల్ దాన్ని తొలగించుకునే ఏర్పాటు పెట్టాల్సి వచ్చింది. రాక్ అభిమాని పాటను వెతికి పట్టుకున్నానని చెప్పుకోవడానికి ఇష్టపడతాడు. ఇంట్లోకి తెచ్చి పడేస్తే ఆ ముచ్చట తీరదు.

కాబట్టి టీజర్లు ఉండాలా అన్నది పక్కన పెట్టి, మీ టీజర్ మీ పాటల్లోంచి వచ్చిందా అని చూసుకోండి. నైన్ ఇంచ్ నెయిల్స్ 2007లో 'ఇయర్ జీరో' కోసం లిస్బన్ కచేరీలో బాత్‌రూమ్‌లో ఒక పెన్‌డ్రైవ్ వదిలింది. దొరికినవాళ్లు తెరిస్తే అందులో విడుదల కాని పాట. టూర్ టీషర్టు మీద కొన్ని అక్షరాలు వేరుగా మెరుస్తుంటాయి, వాటిని కలిపితే ఒక వెబ్‌సైట్ పేరు. ఆ సైటులో, దాని నుంచి దొరికే ఇంకో సైటులో, నిఘా రాజ్యమైపోయిన భవిష్యత్తు తాలూకు కాగితాలు. పత్రికలు దీన్ని ప్రచార పద్ధతులను బద్దలు కొట్టడం అన్నాయి. నాకలా అనిపించదు. ఆల్బమ్ కథ ఆ నిఘా భవిష్యత్తే. దాని గురించిన సమాచారం దొంగతనంగా చేతులు మారడం కన్నా ఆ సంగీతానికి విధేయమైన ప్రచారం ఇంకేముంటుంది?

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున, ఎలక్ట్రానిక్ సంగీతం చేసే డాఫ్ట్ పంక్ 2013 ఆల్బమ్ ఉంది. కంప్యూటర్లు పక్కన పెట్టి 1970ల తరహాలో మనుషుల చేత వాయింపజేసి చేసిన డిస్కో అది. ప్రచారం కూడా ఆ కాలం నాటిదే: రోడ్డు పక్క పెద్ద హోర్డింగులు, టీవీ కార్యక్రమం విరామంలో 15 సెకన్ల ప్రకటన. పాట పేరు లేదు, తేదీ లేదు, ఒక చిన్న గిటార్ ముక్క పదే పదే తిరుగుతుంది. ఇంటర్నెట్‌లో జనం ఆ 15 సెకన్లనే అతికించి గంటల కొద్దీ విన్నారు.

కొరియన్ పాప్‌ను విసుగని తీసిపారేయకండి. తేదీల పట్టిక ముందే విడుదల చేసి, కాన్సెప్ట్ ఫొటోలు ఒక రోజు, పాటల ముక్కల మెడ్లీ ఒక రోజు, వీడియో టీజర్ ఒక రోజు, ఆ తర్వాత వీడియో, దాని వెనకే ఎడిటింగ్ మాయలు లేని డాన్స్ ప్రాక్టీస్ వీడియో. యంత్రంలా ఉంటుందని మీకనిపించవచ్చు. ఆ చివరిది చూడండి: ఒక గది, కదలని కెమెరా, అందరి కాళ్లూ ఫ్రేములో. వీళ్లకు నిజంగా వచ్చు అని నిరూపించే కాగితం అది. రాక్ బ్యాండు గోడౌన్‌లో వాయించడానికీ దీనికీ ఏమిటి తేడా?

మీకు ఆచరణలో: రెండు పాటలు ముందు వదలండి, మధ్యలో కొన్ని వారాలు ఎడం ఉంచండి. మొదటిది మీ జానర్ వాళ్లు కళ్లు మూసుకుని గుర్తుపట్టేదిగా ఉండాలి, రెండోది కాస్త తేడాగా. విడుదల శుక్రవారం పెట్టుకోండి. 2015 జులై 10 నుంచి చాలా దేశాల్లో అదే విడుదల రోజు. అది మార్చి మీరు సాధించేదేమీ లేదు. ముఖచిత్రం మీద పేరు పెద్దగా వేయండి. 1971లో లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్ మీద బృందం పేరు, ఆల్బమ్ పేరు రెండూ వేయలేదు, కంపెనీ వారించినా వినలేదు, లక్షల మీద లక్షలు అమ్ముడైంది. మీరు నాలుగో ఆల్బమ్‌కు వచ్చాక మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: గాయని ముఖం చూపించకుండా వీడియో తీయవచ్చా? మా కంపెనీ ఒప్పుకోవడం లేదు. *(ఒక గాయని)*

తీయవచ్చు, కానీ ముఖం స్థానంలో ఇంకో ముఖం కావాలి. 2014లో 'షాండిలియర్'కు సియా తను కనబడకుండా, తన తెల్లజుట్టు విగ్గును మ్యాడీ జీగ్లర్ అనే బాల నర్తకికి పెట్టింది. ఆ విగ్గే గాయని ముఖమైపోయింది. గొరిల్లాజ్ అయితే ఏకంగా నలుగురు కార్టూన్ మనుషుల్నే బృందమన్నారు. కంపెనీ భయం 'గుర్తుపట్టరు' అని మాత్రమే. గుర్తుపట్టే వస్తువొకటి చేతిలో పెట్టండి, ఒప్పుకుంటారు.

దీనికి తలకిందులుగా, ముఖం తప్ప ఏమీ లేకపోవడం కూడా పద్ధతి తప్పడమే. 1990లో షినేడ్ ఓకానర్ 'నథింగ్ కంపేర్స్ 2 యు' వీడియోను జాన్ మేబరీ పారిస్ పార్కులో నడకలు అవీ తీశాడు. కానీ అందరికీ గుర్తున్నది నల్లటి నేపథ్యంలో ఆమె ముఖం, జారిన కన్నీళ్లు. కట్ చేయడానికి చేతులు దురద పెట్టినా ఆ షాటును అంతసేపు వదిలేసిన ఎడిటర్‌కు నా నమస్కారం.

ప్రశ్న: మూడు నిమిషాల పాటకు ముందు రెండు నిమిషాల డైలాగ్ సీను పెట్టాం. ఎడిటర్ తీసేయమంటున్నారు. 'థ్రిల్లర్'కు లేని అభ్యంతరం మాకెందుకు? *(ఒక యువ దర్శకుడు)*

మైకేల్ జాక్సన్‌తో జాన్ లాండిస్ తీసిన 'థ్రిల్లర్' 14 నిమిషాలకు కాస్త తక్కువ, ఆల్బమ్‌లో పాట ఆరు నిమిషాల లోపు. నిజమే. అయితే ఆ వీడియో 1983 డిసెంబరులో వచ్చింది, ఆల్బమ్ అంతకు ఏడాది ముందే వచ్చి ఇంటింటా మోగుతోంది. చూసేవాడికి పాట కంఠతా వచ్చు, ఎప్పుడు మొదలవుతుందా అని ఆ ఎదురుచూపునే ఆస్వాదిస్తాడు. మీ పాట వాడింకా వినలేదు. రెండు నిమిషాలు ఎందుకు ఆగాలో వాడికి తెలియదు.

సీను పారేయమనను. పాట మొదటి బీటు మీద మొదలయ్యే వెర్షన్ ముందు విడుదల చేయండి. డైలాగులతో ఉన్నది 'డైరెక్టర్స్ కట్' అని కొన్ని వారాల తర్వాత పెట్టండి. మొదటి వెర్షన్‌లో ఆ సీనులోని ఒక్క షాటును, మాటలు లేకుండా, రెండో చరణానికి ముందు వాయిద్యాల చోట పెట్టమని మీ ఎడిటర్‌ను అడగండి. అక్కడ నాలుగు సెకన్లకు మించి ఇవ్వరు, బేరమాడకండి.